మూడు శివరాత్రులు, ఒక మోకాలు

మోకాలి నొప్పి తగ్గడం వేరు, మోకాలు బాగుపడడం వేరు. ఈ రెండూ ఒకటేనని లెక్కగట్టి నేను రెండోసారి పడ్డాను. మూడోసారి పడకుండా ఎలా నిలబడ్డానో ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యుణ్ని కాను, ఉద్దానంలో కొబ్బరితోట ఉన్న రైతును. బడిలో కూర్చున్నది తక్కువ. కాయల రాశులు చూసి చూసి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. అందుచేత ఇందులో మందుల పేర్లేవీ ఉండవు. చెడుగుడు ఆడే కుర్రాళ్లకూ, నాలాగ కుర్రతనం దాటినా బరి వదలలేనివాళ్లకూ పనికొచ్చే మాట ఏదైనా ఉంటే తీసుకోండి.

శివరాత్రినాడు సముద్రస్నానాలు అయ్యాక మా ఊరికీ అక్కుపల్లి జాలర్లకీ ఒడ్డున చెడుగుడు పోటీ జరుగుతుంది. ఏడాది పొడుగునా చేపలకూ కాయలకూ బేరమాడుకునే మనుషులం ఆ ఒక్కరోజు ఒకరి నడుములు ఒకరు పట్టుకుని ఇసకలో దొర్లుతాం. మా వైపు నుంచి మొదటి కూతకు వెళ్లేవాణ్ని నేనే. నాకు ఏది కనబడినా ఎంచే గుణం ఉంది. చెట్టు చూస్తే గెలలు, గెల చూస్తే కాయలు, ఎవరింటి వసారాలో కూర్చున్నా పైనున్న వాసాలు. పెళ్లిపందిట్లో రాటలు ఎంచుతూ కూర్చుంటానని నా భార్య దాలమ్మ నలుగురిలో నవ్వుతుంది. కూత పెట్టి గీత దాటాక మాత్రం ఆ లెక్క ఆగిపోతుంది. ఆ ఒక్క ఊపిరి ఉన్నంతసేపూ తలలో అంకె ఉండదు. నలభై దాటిన మనిషికి ఆట ఎందుకని అడిగినవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. అది వాళ్లకెవరికీ జవాబులా కనిపించలేదు.

మొదటి శివరాత్రి పోటీలో పొద్దు వాలుతుండగా కూతకు వెళ్లాను. అక్కుపల్లివాళ్లలో గట్టి పట్టు ఉన్నవాడు ఎర్రయ్య. తిరిగి వచ్చేటప్పుడు అతను నా కుడికాలి మడమ దొరకబుచ్చుకున్నాడు. కాలు తడి ఇసకలో దిగబడి ఉంది. నేను గీత కోసం ఒళ్లు ఎడమవైపు తిప్పాను. ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. మోకాల్లోపల పచ్చి కొబ్బరిమట్ట విరిచినట్టు చప్పుడైంది. ఎర్రయ్య కూడా విన్నాడు. పట్టు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు.

"మావా, నానేటీ లాగనేదు. పట్టుకున్నానంతే" అన్నాడు.

బండి కోసం దాలమ్మ తమ్ముడు కూర్మయ్య ఊళ్లోకి పరుగెత్తాడు. అది వచ్చేదాకా దాలమ్మ తడి చీరతోనే నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి చేరేసరికి మోకాలు పనసకాయలా ఉబ్బింది. మందస వైపు నుంచి కట్లు కట్టే పెద్దాయన వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టాడు, కదలవద్దన్నాడు. వేసవంతా మంచం మీదే గడిపాను. వానలు పడేనాటికి వాపు తీసింది, నొప్పి పోయింది. కొబ్బరికాయల కావిడి భుజాన వేసుకుని తోటనుంచి ఇంటికి నడవగలిగాను. నడిచినవాడు పరుగెత్తగలడు, పరుగెత్తినవాడు ఆడగలడు అనుకున్నాను.

నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి వచ్చాక మా కుర్రాళ్లు తోట పక్క ఖాళీలో ఊరికే సరదాగా బరి గీశారు. నేనూ దిగాను. బాగానే ఆడాను. ఆట చివరికి వచ్చేసరికి, ఒక కూత ముగించి వెనక్కి తిరుగుతుంటే అదే మోకాలు అదే వైపు పక్కకు పోయింది. ఈసారి నన్ను ఎవరూ పట్టుకోలేదు. దగ్గరలో మనిషే లేడు. మొదటిసారి పడ్డప్పుడు తప్పు ఎర్రయ్య మీదో, తడి ఇసక మీదో వెయ్యడానికి వీలుండేది. ఇప్పుడు వెయ్యడానికి ఎవరూ లేరు. నొప్పి కంటే అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

దాలమ్మ వచ్చి చూసింది. ఏడవలేదు.

"ఓపాలి పడితే పాపం అంటారు. రెండోపాలి పడితే ఏటంటారో నువ్వే సెప్పు" అంది.

"బండి తెప్పించవే ముందు" అన్నాను.

"మా కూర్మయ్యనే అడుగు. బరి గీసింది ఆడే."

ఈ దఫా వాపు తగ్గినా ధైర్యం రాలేదు. గడప దాటుతుంటే మోకాలు నాది కానట్టు జారిపోయేది. తోటలో గుంట కనబడితే చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. మాకు ఉన్న పని అంతా కాళ్ల మీద పనే. ఇంకోసారి పోతే కావిడి మొయ్యలేను, తోట ఎవరికో కౌలుకిచ్చి వసారాలో వాసాలు ఎంచుకుంటూ కూర్చోవాలి. దాలమ్మా నేనూ అదే ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

మార్గశిరంలో టెక్కలి ధర్మాసుపత్రికి బయలుదేరాం. పూండిలో రైలెక్కి నౌపడలో దిగి అక్కడినుంచి బండి కట్టించుకున్నాం. ఆసుపత్రి వసారా అప్పటికే నిండిపోయి ఉంది. జ్వరాలవాళ్లు, కళ్లకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు, పొలంలో కత్తి తగిలినవాళ్లు. అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. కాలు చాచడానికి చోటు లేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. జ్వరం పిల్లను ఒళ్లో వేసుకున్న ఒక ముసలమ్మ నన్ను చూసి తన మూట నా వైపు జరిపింది.

"దీని మీద కాలెట్టు బాబూ. గుడ్డలమూటే గాని బంగారం కాదు."

నా వంతు వచ్చేదాకా కాలు ఆ మూట మీదే ఉంది. ఆవిడ వంతు ముందే వచ్చినా మూట వదిలి పిల్లను మాత్రం ఎత్తుకుని లోపలికి వెళ్లింది. వాళ్లు ప్రార్థన చేసుకునే మనుషులు. బయటికి వచ్చాక మూట తీసుకుంటూ, "నీ కాలు కూడా సెప్పుకుంటానులే" అంది. ఆవిడ పేరు అడగాలని ఇంటికి వచ్చాక తోచింది.

డాక్టరుగారు అరవదేశం మనిషి. మోకాలు వంచి, పిక్క ముందుకు లాగి, రెండు తొడలూ నొక్కి చూసి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. కాంపౌండరు దానియేలుగారు దాన్ని తెలుగులోకి దించారు.

"ఎముకకేమీ కాలేదు. లోపల కట్టు సాగిపోయింది, అది మళ్లీ బిగుసుకోదు. అయితే మోకాలికి కాపలా ఉండేది తొడకండ. నువ్వు వేసవంతా మంచం మీద పడుకుని ఆ కాపలావాడికి కూడు మానిపించావు. నొప్పి తగ్గగానే తలుపు బార్లా తీసి పెట్టావు. దొంగ రాకేం చేస్తాడు?"

"మరి ఆడొచ్చాండీ?" అన్నాను. పక్కనున్న దాలమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"వద్దని చెప్పమన్నారు డాక్టరుగారు. నువ్వు వింటావని నీ మొహం చూస్తే నాకు తోచడం లేదు. రెండు తొడలూ ఒక్క లావు అయ్యేదాకా మాత్రం బరిలో కాలు పెట్టకు."

రైల్లో దాలమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పలాస దాటాక అడిగింది.

"ఆడతావా?"

"కాలు ఒప్పుకుంటే."

"కాలినడుగుతావు, డాక్టరునడుగుతావు. నన్నడగవేటి?"

పూండిలో దిగేటప్పుడు చెయ్యి అందించింది. దిగాక వదిలేసింది.

దానియేలుగారి మాటలో నాకు దొరికింది ఒక కొలత. నాకు అంతకంటే ఏం కావాలి. కొబ్బరి పీచుతో పేనిన సన్నతాడు తీసుకుని, మోకాలి చిప్పకు జానెడు పైన తొడ చుట్టూ తిప్పి ముడి వేశాను. కాయల బస్తాలకు గుర్తు పెట్టేందుకు నేను వేసే ముడి ఒకటుంది, దాన్ని ఎక్కడ చూసినా నాదని చెప్పగలను. మంచి కాలికొక తాడు, చెడ్డ కాలికొక తాడు. పక్కపక్కన పట్టి చూస్తే చెడ్డ కాలి తాడు నాలుగు వేళ్ల మేర పొట్టిగా ఉంది. నాలుగు వేళ్ల కండ తిండి లేక పోయిందన్నమాట.

అక్కడినుంచి పని మొదలుపెట్టాను. తడి ఇసక మూట పాదానికి కట్టుకుని కాలు లేపడం, గోడకు వీపు ఆనించి గాలిలో పీట ఉన్నట్టు కూర్చోవడం, ఇసకదిబ్బ ఎక్కడం. దిగడం ఎక్కడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది. మొదట్లో నొప్పి పుడితే ఆపేసేవాణ్ని. తర్వాత తెలిసింది, నొప్పి అబద్ధం చెప్పొచ్చు గాని వాపు చెప్పదు. పొద్దుటి పనికి సాయంత్రం మోకాలు ఉబ్బితే ఆ పని ఎక్కువైందని అర్థం. మర్నాడు తగ్గించాలి. ఉబ్బకపోతే కొద్దిగా పెంచాలి. ఇది చదివేవాళ్లకు నేను చెప్పదగిన మాటల్లో ఇది మొదటిది.

రోజులన్నీ ఒకలా లేవు. తోటపని దాలమ్మ మీద పడింది. నేను గోడకు ఆనుకుని లేని పీట మీద కూర్చుంటే, తను కాయలగంప నెత్తిన పెట్టుకుని ఎదురుగా వెళ్లేది.

"రాజుగారు సింహాసనం ఎక్కినారా" అనేది. ఒక్కోసారి నవ్వేది, ఒక్కోసారి నవ్వేది కాదు.

ఎర్రయ్య సంత రోజుల్లో మా ఇంటిమీదుగా వెళ్లేవాడు. వచ్చినప్పుడల్లా ఆకులో చుట్టిన చేపలు గుమ్మంలో పెట్టేవాడు. వెల చెప్పమంటే, "నీ కాలు నా సేతిలోనే పోనాది మావా. నన్ను ఊరికే ఒగ్గీ, ఎల అడక్కు" అనేవాడు. నాగుల చవితి సంగతి, ఆ రోజు నన్నెవరూ ముట్టుకోలేదన్న సంగతి చెప్పాను. విన్నాడు గాని చేపలు ఆపలేదు.

రెండో శివరాత్రి దగ్గరపడింది. కొత్త తాళ్లు చుట్టి మళ్లీ కొలిచాను. రెండూ సరిగ్గా సమానం. మరోసారి కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ రోజు నా అంత సంతోషించినవాడు ఉద్దానంలో లేడు. కూర్మయ్యకు కబురు పెట్టాను.

"బావ దిగుతున్నాడర్రా. అక్కుపల్లోళ్లకి సెప్పండి, ఒళ్లు నూనె రాసుకోమని" అని వాడు ఊరంతా చాటాడు.

దాలమ్మ వంటింట్లో ఉంది. తాళ్లు రెండూ ఎదురుగా పట్టి చూపించాను. తను చూసి మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఆ రెండింటినీ కట్టగా కట్టి దాచుకుందామని చిన్న తాడుముక్క ఒకటి ఇమ్మన్నాను. ఉట్టికి వేలాడుతున్న పాత ముక్క విప్పి ఇచ్చింది. చేతిలోకి తీసుకోగానే ముడి నాదని తెలిసింది. టెక్కలి నుంచి వచ్చిన వారంలో మంచి కాలికి చుట్టి కొలిచిన మొదటి తాడు అది. నేను పారేస్తే తను ఉట్టికి కట్టుకుంది.

ఊరికే, ఏమీ అనుకోకుండా, దాన్ని మంచి కాలికి చుట్టాను. పట్టలేదు, వదులై జారి మోకాలి దాకా వచ్చింది.

ఏం జరిగిందో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. చెడ్డ కాలు రెండు వేళ్లు పెరిగింది. మంచి కాలు రెండు వేళ్లు తగ్గింది. నేను కావిడి మొయ్యడం మానేశాను, తోటలో తిరగడం మానేశాను. ఇసకమూట కట్టింది చెడ్డ కాలికే. మంచిదానికి ఏ రోగమూ లేదు కదా అని దాని మొహం చూడలేదు. ప్రతిసారీ రెండిటినీ కొత్తగా కొలిచి ఒకదానితో ఒకటి పోల్చాను గాని, ఏ రోజూ పాత మంచి కాలితో పోల్చలేదు. రెండూ మధ్యలో ఎక్కడో కలుసుకుంటే సమానమయ్యాయని సంబరపడ్డాను.

దాలమ్మ నా మొహం చూసి పక్కన కూర్చుంది. విషయం చెప్పాను.

"కావిడి ఒక పక్క బరువైతే ఏటి సేత్తాం? బరువున్న పక్కనుంచి రెండు కాయలు తీసి కింద పడేత్తాం. తేలికున్న పక్క కాయలెయ్యడానికి మళ్లీ తోటలోకెవరెల్తారు. నువ్వూ అదే సేసినావు" అంది.

అవును. ఉద్దానంలో పుట్టిన ప్రతివాడూ చేసేది అదే. సరితూగితే చాలు, భుజం నొప్పి పుట్టదు. ఎంత బరువుతో సరితూగిందో చూసుకోం. నా మోకాలికి కావలసింది సరితూగడం ఒక్కటే కాదు, నిండు కావిడి.

"ఇప్పుడు దిగుతావా?" అని అడిగింది.

"దిగను" అన్నాను. అని, మొదటిసారి నేను అడిగాను. "వచ్చే శివరాత్రికి దిగమంటావా?"

తాడు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ ఉట్టికి కట్టింది. "ఈ తాడు నీ రెండు కాళ్లకీ పట్టిన రోజు అడుగు, సెప్తాను" అంది.

రెండో శివరాత్రికి గీత దగ్గర కూర్చున్నాను. ఆటలో చచ్చినవాళ్లను ఎంచే పని నాకు ఇచ్చారు. ఎంచడం నాకు చేతనైన పనే గాని ఆ రోజు అంత చేదుగా ఎప్పుడూ లేదు. కూర్చున్నందుకు మేలు ఒకటి జరిగింది. నేను పడ్డ రెండుసార్లనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాను. ఒకసారి పట్టుకున్నారు, ఒకసారి పట్టుకోలేదు. ఒకసారి తడి ఇసక, ఒకసారి గట్టి నేల. కొట్టివేతలన్నీ పోగా రెండింటిలోనూ మిగిలినవి రెండే. రెండుసార్లూ ఆట చివర, ఒళ్లు అలిసినప్పుడు. రెండుసార్లూ పాదం నేలకు పాతి ఒళ్లు తిప్పినప్పుడు.

ఈ మాట ఎర్రయ్యకు చెప్పాను. అతను ఒడ్డుకు రమ్మన్నాడు. పడవ తోస్తున్న తనవాళ్లను చూపించాడు.

"అల్లదిగో, ఆడి కాళ్లు సూడు. పాతీసి ఒళ్లు తిప్పుతున్నాడేటి? మోకాలొంచి చిన్న చిన్న అడుగులేత్తాడు, ఆటితోనే తిరుగుతాడు. నువ్వు రాట పాతినట్టు పాతీసి తిరుగుతావు మావా. నాను మడమ పట్టుకోడానికి నీ అంత సులువైనోడు ఇంకోడు నేడు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"సెప్తే మేం గెలుత్తామేటి?"

తర్వాత ఏడాదంతా రెండు కాళ్లకూ ఇసకమూట కట్టాను. తోటలోకి మళ్లీ వెళ్లాను. మొదట తేలిక కావిడి, తర్వాత నిండు కావిడి. దిబ్బల మీద పొట్టి అడుగులతో మలుపులు తిరిగాను. ఎగిరి దిగేటప్పుడు రెండు మోకాళ్లూ వంచి, పిల్లిలా చప్పుడు లేకుండా దిగడం నేర్చుకున్నాను. చప్పుడైతే తప్పుగా దిగినట్టే. ఆట ఏదైనా, ముందు ఒళ్లు వేడెక్కేదాకా మెల్లగా పరుగెత్తకుండా గీత దాటలేదు. కార్తీకంలో ఉట్టినుంచి తాడు దింపి దాలమ్మ చేతే కొలిపించాను. రెండు కాళ్లకూ పట్టింది. కుడికాలికైతే కాస్త బిగువుగానే పట్టింది.

"అడుగుతున్నాను" అన్నాను.

"ఆడు. అలిసిపోతే మాత్రం బరి ఒగ్గి వచ్చీ. ఎవడు ఎనక్కి పిలిసినా ఆగక వచ్చీ" అంది.

మూడో శివరాత్రినాడు ఒడ్డుకు వెళ్లేసరికి ఎడ్లబండి ఒకటి అప్పటికే అక్కడ ఉంది. ఎడ్లను విప్పి కట్టేసి, దాలమ్మ బండి మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. కుర్రాళ్లు నవ్వుతున్నారు.

"ఇదేటే?" అన్నాను.

"రెండుపాలీ బండి కోసం ఊరంతా తిరిగినాం. ఈపాలి ముందే తెచ్చినాను."

మొదటి ఆటలో దిగాను. గీత దాటి కూత పెట్టాను. అంకెలన్నీ పోయాయి. ఏడాది దాటాక మళ్లీ తల ఖాళీ అయ్యింది. ఎర్రయ్య నా మడమకోసం వంగాడు. నా కాలు అప్పటికి అక్కడ లేదు. తిరిగి గీత ఇవతలికి వచ్చి నిలబడితే మోకాలు నిలబడింది. ఆ ఆట మేం గెలిచాం. రెండో ఆట వాళ్లు గెలిచారు. మూడో ఆట సగం అయ్యేసరికి పొద్దు వాలింది. కూతకు వెళ్లి వచ్చి నిలుచున్నప్పుడు కుడితొడ సన్నగా వణికింది. మోకాలికి ఏమీ కాలేదు. కాపలావాడికి నిద్ర వస్తోంది, అంతే.

చెయ్యెత్తి బరి దాటి బయటికి వచ్చేశాను.

"బావా, ఒక్క కూత. ఒక్కటంటే ఒక్కటే" అని కూర్మయ్య అరిచాడు. ఆ ఒక్క కూత నాకెంత కావాలో వాడికి తెలియదు. మా వైపు మిగిలింది ఇద్దరే. నేను వెళితే గెలిచేవాళ్లమేమో. బండి చక్రానికి ఆనుకుని ఇసకలో కూర్చున్నాను. దాలమ్మ పైనుంచి నా భుజం మీద చెయ్యి వేసింది. నన్ను ఆపడానికి కాదు. ఆట ముగిసేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఒకే ఒక్క మనిషి తేడాతో ఓడిపోయాం.

"నీ తొడ వణికిందని ఊరి పరువంతా వణికిపోనాది" అంటూ కూర్మయ్య వచ్చి, అలసటకో కోపానికో బండెక్కి వెల్లకిలా పడుకున్నాడు. ఎర్రయ్య చేపల పొట్లం తెచ్చి బండిలో పెట్టాడు.

"ఇంక బాకీ నేదు మావా. ఇది ఓడిపోయినోళ్లకి" అన్నాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు బండిలో చేపలు, కూర్మయ్య, తోలుతూ దాలమ్మ. నేను పక్కన నడిచాను. ఇసకదారిలో ఎడ్లు మెల్లగా లాగుతున్నాయి. తోటల దగ్గరికి వచ్చాక దాలమ్మ బండి ఆపింది.

"ఎక్కుతావా?"

"ఎక్కను."

కొంతదూరం పోయాక మళ్లీ అడిగింది. "వచ్చే శివరాత్రికి బండి తేవాలా, అక్కర్నేదా?"

లెక్క తెలిసినవాణ్ని కనక ఆలోచించే చెప్పాను. "తీసుకురా. అది ఎదురుగా ఉంటే, ఎప్పుడు బరి వదిలి రావాలో నాకు గుర్తుంటుంది."

"కాయలు కూడా ఏసుకొత్తాను. ఖాళీగా రావడమెందుకు" అని ఎడ్లను అదిలించింది. నేను ముందు నడిచాను.